ఏటేటా మంచిగ ఆడినోడు హాల్ ఆఫ్ ఫేమ్‌కు పనికొస్తడా? మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన నెల కాజీపేట నుంచి ఒక బీటెక్ పిలగాడు బేస్‌బాల్ గురించి ఒక ప్రశ్న రాసిండు, ఏటేటా మంచిగ ఆడినోణ్ని హాల్ ఆఫ్ ఫేమ్‌ల, అంటే ఆ ఆటల గొప్పోళ్ల పేర్లు పెట్టే మ్యూజియంల, పెట్టాల్నా వద్దా అని. జాగ తక్కువుండె, నేను ఒక్క ముక్కల జవాబు కొట్టిన, "పదిహేనేండ్లు మంచిగ ఆడితే చాలదు తమ్మి, హాల్ ఆఫ్ ఫేమ్ మంచోళ్లకు కాదు, గొప్పోళ్లకు" అని. ఇగ మొదలైనయ్ ఉత్తరాలు. వరంగల్ దిక్కు బేస్‌బాల్ చూసేటోళ్లు ఇంతమంది ఉన్నరని నాకు తెల్వనే తెల్వదు. సగం మంది అమెరికల కొడుకులు బిడ్డలు ఉన్నోళ్లే అనుకోండి, నాక్కూడ ఈ పిచ్చి గట్లనే పట్టింది, బిడ్డ దగ్గర న్యూజెర్సీల ఆర్నెల్లు ఉన్నప్పుడు అల్లుడు రోజు టీవీ ముంగట కూసోబెట్టిండు. ఇప్పుడు హన్మకొండల తెల్లారగట్ల నాలుగున్నరకు లేచి ఫోన్ల చూస్త, అక్కడ రాత్రి ఏడుకు మొదలయ్యే ఆట మనకు గప్పుడే షురూ అయితది. మా ఇంటామె కొన్ని రోజులు నేను భద్రకాళి గుడికి పోనీకి లేస్తున్న అనుకొని సంబురపడ్డది, పాపం.

ఈ నెల కాలమ్ మొత్తం ఈ ఒక్క పంచాయితికే.

ప్రశ్న: సార్, పోయిన నెల మీరు నా ప్రశ్న సరిగ్గ చదవలేదు. నేను అడిగింది బాబీ అబ్రేయు అనే బ్యాటర్ గురించి. మా అన్న డల్లాస్ల ఉంటడు, ఇంటి వాట్సాప్ గ్రూప్ల మా ఇద్దరికి రోజు ఇదే లొల్లి. ఏటేటా ఆడిండు, ఏటేటా మంచిగనే ఆడిండు, ఒక్కసారి కూడ ఎంవీపీ, అంటే ఆ ఏడాది లీగ్ల అందరికంటె గొప్ప ఆటగానికిచ్చే అవార్డు, రాలే. అన్న వద్దంటడు, నేను కావాలంట. మీరు అన్న దిక్కు మాట్లాడిన్రు. – బీటెక్ స్టూడెంట్, కాజీపేట

జవాబు: తమ్మి, తప్పు నాదే. నీ ఉత్తరం మల్ల తీసి చదివిన, రికార్డు ముంగట పెట్టుకొని కూసున్న, ఇప్పుడు నీ దిక్కే వస్తున్న.

అబ్రేయు 1998 నుంచి 2010 దాక 13 ఏండ్లు వరుసగ ఏడాదికి 150 మ్యాచ్‌లకు తగ్గకుంట ఆడిండు. ఒక్క సీజన్ల ఉండేదే 162 మ్యాచ్‌లు. మొత్తం 2,470 హిట్లు, అంటే బంతి కొట్టి అవుట్ కాకుంట బేస్ చేరుడు (మైదానంల ఉరికి చేరాల్సిన మూలలే బేస్‌లు). 288 హోమ్ రన్లు, మన సిక్సర్ల అసొంటియి. 400 బేస్‌లు దొంగతనం, అంటే బ్యాటర్ కొట్టకముందే ఉరికి ముంగటి బేస్ చేరుడు. సగటు వెయ్యికి 291 హిట్లు. ఇదంత చూసి మీ అన్న "మంచోడే, కని గొప్పోడు కాదు" అంటడు, నేను గూడ గట్లనే అన్న. కని నేను చూడనిది ఒకటుంది, 1,476 వాక్‌లు. కొత్తగ చదివేటోళ్లకు చెప్తున్న, పిచ్చర్, అంటే బంతి ఏసేటోడు, నాలుగు చెడ్డ బంతులు ఏస్తే బ్యాటర్ ఊకెనే ఫస్ట్ బేస్‌కు నడుసుకుంట పోతడు, గదే వాక్. మన గల్లీ క్రికెట్ల వైడ్ లెక్క అనుకుంటరు, కాదు, వైడ్ బౌలర్ తప్పు, వాక్ బ్యాటర్ ఓపిక. చేతులు గుంజుతున్నా బ్యాట్ ఆడియ్యకుంట నిలబడాలె. దానికి ఎవ్వడు చప్పట్లు కొట్టడు, తెల్లారి పేపర్ల ఫొటో రాదు. కని వీడు నూరు సార్లు బ్యాటింగ్‌కు వస్తే దగ్గరదగ్గర నలభై సార్లు అవుట్ కాకుంట బేస్ మీద నిలబడ్డడు. ఒక ఇన్నింగ్స్‌కు మూడే అవుట్లు ఉండే ఆటల అవుట్ కాకపోవుడే అన్నిటికంటె పెద్ద పని.

ఇట్లాంటి కనబడని పని కలిపి లెక్కగట్టేందుకే వార్ అనే లెక్క పెట్టుకున్నరు. మన భాషల చెప్పాల్నంటే, మీ టీమ్ల ఓపెనర్‌కు జ్వరమొచ్చింది, ఎవడు దొరకక బయట నుంచి ఒకణ్ని తెచ్చి దించిన్రు, వానితోని ఆడిస్తే గెలిచే మ్యాచ్‌లకంటె ఈ అసలోడు ఉంటే ఎన్ని ఎక్కువ గెలుస్తరు? గంతే. అబ్రేయుకు మొత్తం కెరీర్ల అది సుమారు 60. అయినా ఆ ఏడాది మంచోళ్లను ఏరి ఆడించే ఆల్ స్టార్ మ్యాచ్‌కు ఆయన పోయింది రెండే సార్లు, 2004ల, 2005ల. ఆడే రోజులల్లనే మనిషి ఎవ్వరికి కనబడలే, ఇగ రిటైరైనంక ఎట్ల యాదికొస్తడు చెప్పు.

ప్రశ్న: మీరంత కొట్లాడుకుంటున్నరు సరే, అసలు ఈ హాల్ ఎక్కడుంది, లోపలికి పంపేది ఎవరు? నేను ముప్పయ్యేండ్లు పిల్లలకు ఆటలు నేర్పిన, నాకే అర్థమైతలేదు. – రిటైర్డ్ పీఈటీ, నర్సంపేట

జవాబు: సార్ నమస్తే. న్యూయార్క్ రాష్ట్రంల కూపర్స్‌టౌన్ అని చిన్న ఊరు, అక్కడ మ్యూజియం. 1936ల మొదటి అయిదుగురిని ఎన్నుకున్నరు, టై కాబ్, బేబ్ రూత్, హోనస్ వాగ్నర్, క్రిస్టీ మాథ్యూసన్, వాల్టర్ జాన్సన్. బిల్డింగ్ తలుపులు తీసింది 1939ల. లోపల గోడకు ఒక్కొక్కరి పేరు మీద కంచు ఫలకం ఉంటది. పెద్ద లీగ్ల ఆడినోళ్లల్ల సుమారు నూటికి ఒక్కరికే ఆ ఫలకం దక్కుతది.

పదేండ్లు ఆడి ఉండాలె, రిటైరై అయిదేండ్లు దాటాలె, అప్పుడు ఓటు పెడ్తరు. ఓటర్లు ఎవరంటే స్పోర్ట్స్ రాసే పాత్రికేయులు, అదిగూడ వాళ్ల సంఘంల పదేండ్లు సభ్యత్వం ఉన్నోళ్లు. ఒక్కొక్కరు పది పేర్ల దాక రాయొచ్చు. నూటికి 75 మంది ఒప్పుకుంటే లోపలికి. అయిదు శాతం గూడ రాకుంటే లిస్టుల నుంచి పేరే తీసేస్తరు. పదేండ్ల దాక అవకాశం, అంతకు ముందు పదిహేనుండె, 2014ల తగ్గించిన్రు. అట్ల మిగిలిపోయినోళ్లను చూసేందుకు 16 మంది కమిటీ వేరే ఉంటది, అది పెరటి దర్వాజ అనుకోండి.

ఇండ్ల ఇంకో మాట. ఇన్ని హిట్లు, ఇన్ని హోమ్ రన్లు ఉండాలె అని రూల్ల ఎక్కడ రాసి లేదు. ఆట, నిజాయితీ, నడవడిక, టీమ్‌కు చేసిన మేలు, ఇవి చూడున్రి అని మాత్రం ఉంటది. 3,000 హిట్లు, 500 హోమ్ రన్లు, పిచ్చర్‌కు 300 గెలుపులు అనేటియి జనం నోట్ల పడి రూల్ లెక్క అయినయ్. లొల్లి పుట్టేది గక్కడనే.

ప్రశ్న: అన్న, ఏం స్థిరం స్థిరం అంటున్నరే. శాండీ కూఫాక్స్ అనే పిచ్చర్ అయిదేండ్లు ఆడి దునియానే ఊపిండు. నాకు అసొంటోడు కావాలె. ఏండ్ల తరబడి నడిపినోనికి కాదు, మెరిసినోనికి ఇయ్యాలె ఫలకం. – డిగ్రీ విద్యార్థి, ములుగు

జవాబు: నీ అసొంటి వయసుల నేను గూడ గట్లనే అన్న తమ్ముడు. కూఫాక్స్‌ది 12 సీజన్ల కెరీర్, 165 గెలుపులు. అండ్ల మొదటి సగం మామూలే. 1962 నుంచి 1966 దాక అయిదేండ్లు మాత్రం ఆ లీగ్ల ఆటకు సగటున అందరికంటె తక్కువ రన్లు ఇచ్చిన పిచ్చర్ ఆయననే, అయిదుకు అయిదేండ్లు. 1966ల 27 మ్యాచ్‌లు గెలిచి, ఎడమ మోచేతి కీలు అరిగి, 30 ఏండ్లకే బంద్ చేసిండు. 36 ఏండ్ల వయసుల హాల్ల పెట్టిన్రు, అంత చిన్న వయసుల ఎక్కినోడు ఇంకోడు లేడు.

ఇప్పుడు అసలు ముచ్చట విను. అదే 1966ల, అదే డాడ్జర్స్ టీమ్ల, డాన్ సటన్ అనే కొత్త పోరడు దిగిండు. కూఫాక్స్‌కు ఆఖరి ఏడు, సటన్‌కు మొదటి ఏడు. ఒకే డ్రెస్సింగ్ రూమ్. ఈ సటన్ అప్పటి నుంచి 1988 దాక, 23 సీజన్లు బంతి ఏసిండు. 324 గెలుపులు, కూఫాక్స్‌కు దగ్గరదగ్గర రెండింతలు. కని ఒక్క సీజన్ల 20 గెలుపులు దాటింది ఒక్కటే సారి, 1976ల. ఏడాదిల గొప్ప పిచ్చర్‌కిచ్చే సై యంగ్ అవార్డు ఒక్కటి గూడ లేదు. కూఫాక్స్ మొదటి ఓటుకే పోయిండు, సటన్‌ను అయిదో సారికి, 1998ల పిలిచిన్రు. అంటే ఇద్దరు లోపలనే ఉన్నరు. ఒకటి పిడుగు, ఇంకోటి ముసురు. చెరువు నింపేది ఏది అని మీ రామప్ప చెరువు కింద వరి ఏసేటోళ్లను అడుగు, పిడుగు అని ఎవ్వరన్న అంటరేమో చూద్దాం.

నేను ఓటరునైతే ఇద్దరికి ఏస్త. సటన్‌కు ఏసేటప్పుడు మాత్రం కాఫీ తాగి ఒకసారి ఆలోచిస్త, అబద్ధమెందుకు.

ప్రశ్న: నాకు ఆ ఆట రాదు, మా కొడుకు పెట్టుకుంటె పక్కన కూసుంట అంతే. కని మీరు రాసింది చదివితే కోపమొచ్చింది. పండుగ నాడు బిర్యానీ చేసిన వంటాయనకు శాలువా కప్పుతరు, రోజు మూడు పూటల వండేదాన్ని ఎవరు అడుగుతరు? మీ లెక్క గూడ గట్లనే ఉన్నది. – గృహిణి, హన్మకొండ

జవాబు: అక్క, ఈ ఉత్తరం మా ఇంట్ల గట్టిగ చదివి వినిపించిన, నాకు ఆ పూట చాయ్ రాలే.

మీరన్నది నిజమే. బతుకమ్మ పేర్చేటప్పుడు చూస్తం గదా, అందరి కండ్లు మీద పెట్టిన గుమ్మడి పువ్వు మీదనే, గౌరమ్మ మీదనే. అడుగు నుంచి వరుస వరుసకు నిలబెట్టేది తంగేడు, గునుగు. గునుగుకు రంగు అద్దితే తప్ప చూడరు, కని అది లేకపోతే సద్దుల బతుకమ్మ నిలువెత్తు లేస్తదా? కాకపోతె ఒక్క మాట, కోపం చేసుకోవద్దు. రోజు వండుట్ల గూడ రెండు రకాలుంటయ్. కడుపు నిండేటట్టు వండుడు ఒకటి, రోజు వండినా చుట్టపోళ్లు యాది చేసుకొని మీ ఇంటికే రావాల్నని అనుకునేటట్టు వండుడు ఇంకోటి. నా కొట్లాట ఈ రెంటి నడుమ గీత ఎక్కడ గీయాలె అనేదాని మీదనే. కింది జవాబు గూడ చదవండి.

ప్రశ్న: హారల్డ్ బేన్స్‌ను హాల్ల పెట్టుడు తప్పని మీరు ఇంతకు ముందు ఒకసారి రాసిన్రు. 22 ఏండ్లు ఆడిండు, 2,866 హిట్లు కొట్టిండు, 384 హోమ్ రన్లు. ఆటగాళ్ల సమ్మెలు లేకుంటే 3,000 హిట్లు దాటేటోడు. అబ్రేయుకు ఒక న్యాయం, బేన్స్‌కు ఒక న్యాయమా? – ప్రైవేటు ఉద్యోగి, జనగామ

జవాబు: మంచిగ పట్టుకున్నవ్. హిట్లు చూస్తే బేన్సే ఎక్కువ, ఆడిన ఏండ్లు గూడ ఎక్కువ. సమ్మె మాట గూడ నిజమే, 1981ల ఒకసారి, 1994ల ఇంకోసారి ఆట ఆగింది, ఆయన రెండిట్ల నష్టపోయిండు. కని బేన్స్ కెరీర్ల ఎక్కువ భాగం డిజిగ్నేటెడ్ హిట్టర్, అంటే బ్యాటింగ్‌కు వచ్చి పోవుడే, ఫీల్డింగ్ లేదు. మోకాళ్లు సతాయించినయ్, ఆయన తప్పు గాదది. హిట్లల్ల గాని, హోమ్ రన్లల్ల గాని ఒక్క ఏడాది గూడ లీగ్ల ఫస్ట్ రాలే. వార్ లెక్క 39 దగ్గర ఆగింది. అబ్రేయు తక్కువ ఏండ్లు ఆడి 60. నేను పోయిన నెల "మంచోళ్లకు కాదు" అన్నప్పుడు నా మతిల ఉన్నది బేన్స్, నువ్వు నమ్ము నమ్మకపో. ఇద్దరిని ఒకే "స్థిరంగ ఆడినోళ్లు" అనే సంచిల ఏసి కట్టిన, గదే నా తప్పు.

పాత్రికేయుల ఓట్లల్ల బేన్స్‌కు ఎన్నడు ఏడు శాతం గూడ రాలే. మరి 2018 డిసెంబర్ల కమిటీల 16కు సరిగ్గ 12 ఓట్లు వచ్చినయ్, కావాల్సిందే 12. ఆ 16 మందిల ఆయన పాత మేనేజర్ టోనీ లా రూసా ఉన్నడు, పాత టీమ్ ఓనర్ జెర్రీ రైన్స్‌డార్ఫ్ ఉన్నడు. తప్పు చేసిన్రని నేను అంటలేను, మనిషి మంచోడని తెలిసినోళ్లు మంచి మాట చెప్తరు గదా. కని తెలిసినోళ్లు లేనోని సంగతేంది?

సమ్మె వల్ల నిజంగ దెబ్బతిన్నది ఎవరంటే ఫ్రెడ్ మెక్‌గ్రిఫ్. 493 హోమ్ రన్లు, అయిదువందలకు ఏడు తక్కువ. 1994 ఆగస్టుల ఆట ఆగేటప్పటికి 113 మ్యాచ్‌లల్ల 34 కొట్టి మంచి ఊపు మీదున్నడు, ఆ సంవత్సరం వరల్డ్ సిరీసే, అంటే ఆఖరి ఫైనలే, జరగలే. తక్కువ పడ్డ ఆ 7 హోమ్ రన్ల కోసం పదేండ్లు ఓటర్లు ఆయనను బయట నిలబెట్టిన్రు, ఆఖరి ఏడు 2019ల గూడ 40 శాతం దాటలే. 2022ల కమిటీ ముంగటికి పోతే 16కు 16. నాకు ఆ తీర్పు మీద ఏ పేచీ లేదు.

ప్రశ్న: నేను భూపాలపల్లి బొగ్గు బాయిల పనిజేస్త. మాకాడ మస్టర్లు ఎక్కువున్నోనికే ఇజ్జత్. అక్కడ ఎవడో ఒక్క నాగ లేకుంట ఆడిండట గదా, అది చాలదా హాల్‌కు? – సింగరేణి కార్మికుడు

జవాబు: కాల్ రిప్‌కెన్ అన్న ఆయన పేరు. వరుసగ 2,632 మ్యాచ్‌లు, ఒక్క నాగ లేదు. అంతకు ముందు లూ గెరిగ్ పేరు మీద 2,130 రికార్డు ఉండె, దాన్ని 1995 సెప్టెంబర్ 6 నాడు దాటిండు, 1998ల తనంత తానే "ఇయ్యాల నేను కూసుంట" అన్నడు. 2007ల 98 శాతం పైన ఓట్లతోని హాల్‌కు పోయిండు. కని మస్టర్ ఒక్కదానితోని పోలే అన్న, 1983ల, 1991ల రెండు సార్లు ఎంవీపీ, కెరీర్ మొత్తంల 400 హోమ్ రన్లు దాటిండు, అండ్ల ఎక్కువ షార్ట్‌స్టాప్‌ల, అంటే రెండో మూడో బేస్‌ల నడుమ ఫీల్డింగ్ చేసుకుంట ఆడినప్పటియే. మస్టరూ ఉన్నది, టన్నులూ తీసిండు.

ప్రశ్న: క్రికెట్ల ఈ గొడవ లేదు గదా? ద్రవిడ్ అంటే అందరం ఒప్పుకుంటం. – కరీంనగర్ పాఠకుడు

జవాబు: ఇప్పుడు ఒప్పుకుంటున్నం. 2001ల కోల్‌కతా టెస్టు యాది చేయి. ఫాలో ఆన్ ఆడుకుంట 376 పార్ట్‌నర్‌షిప్, నాలుగో రోజు మొత్తం వికెట్ పడలే. మన లక్ష్మణ్ 281, అది పోరగాళ్లను నిద్రల లేపి అడిగినా చెప్తరు. అవతలి దిక్కు ద్రవిడ్ ఎంత కొట్టిండు? 180. నేను మొన్న చాయ్ దుకాణంల అడిగితే నలుగుర్ల ఒక్కడే చెప్పిండు. టెస్టుల్ల ద్రవిడ్ ఆడిన బంతులు 31,258, అంత మంది బౌలర్లను అంత సేపు ఇంకెవ్వడు యాష్టపెట్టలే. ఐసీసీ హాల్ ఆఫ్ ఫేమ్‌ల 2018ల పెట్టిన్రు. ఓటు ఆయన ఆడేటప్పుడే, వన్డేలల్ల నిదానం అని మనం తిట్టే రోజులల్ల పెట్టి ఉంటే, నువ్వు గెలిపిస్తుంటివా? నేనైతే, ఏమో.

ప్రశ్న: పీట్ రోజ్ సంగతి ఎందుకు రాయరు? 4,256 హిట్లు! – మహబూబాబాద్

జవాబు: అది బెట్టింగ్ పంచాయితి, బేస్‌బాల్ మీద పందేలు కాసిండని నిషేధం పెట్టిన్రు, దీనితోని కలపకు. ఆయన 2024ల పోయిండు, 2025ల నిషేధం ఎత్తేసిన్రు. అంతవరకే ఇయ్యాల.

ప్రశ్న: మా అల్లుడు డెట్రాయిట్ల ఉంటడు. లూ విటేకర్‌కు అన్యాయం జరిగిందని ఎప్పుడు చూసినా అదే పాట. అట్ల ఏం జరిగింది? – రైతు, పరకాల

జవాబు: కాక, మీ అల్లుడు చెప్పేది నూటికి నూరుపాళ్లు నిజం, ఇది నాక్కూడ కడుపుమంటనే. డెట్రాయిట్ టీమ్ల అలన్ ట్రామెల్, లూ విటేకర్, ఒకడు షార్ట్‌స్టాప్, ఒకడు సెకండ్ బేస్. ఇద్దరు 1977ల ఒకే రోజు మొదటి మ్యాచ్ ఆడిన్రు. 19 సీజన్లు పక్కపక్కన, 1984ల వరల్డ్ సిరీస్ గూడ గెలిచిన్రు. జోడెడ్లు అనుకోండి, ఒక్క కాడి కింద అన్నేండ్లు దున్నినయ్. ట్రామెల్‌ను 2017 డిసెంబర్ల కమిటీ తీసుకున్నది. విటేకర్‌కు 2001ల మొదటి ఓటింగ్‌ల 515 మందిల 15 మందే ఏసిన్రు, 2.9 శాతం, అయిదు రాలే, పేరు తీసి పారేసిన్రు. వార్ చూస్తే విటేకర్‌ది 75 దగ్గర, ట్రామెల్‌ది 71 దగ్గర. ఒక ఎద్దుకు గంట కట్టి ఊరేగించిన్రు, ఇంకోదాన్ని కొట్టం దాటనియ్యలే.

నా కోపమంత ఆ అయిదు శాతం రూల్ మీదనే. మెరిసినోడు మొదటి చూపుకే కనబడతడు. ఏటేటా మంచిగ ఆడినోణ్ని చూడాల్నంటే టైమ్ పడ్తది, ఎవరో ఒకరు కూసొని లెక్కలు తీసి పదిమందికి చెప్పాలె. బర్ట్ బ్లైలెవెన్ అనే పిచ్చర్‌ను చూడండి, 1998ల మొదటి ఓటుకు 17.5 శాతం, మరుసటేడు ఇంక తగ్గి 14. పదో ఏడు, 2007ల గూడ 48 శాతం లోపలనే. జనం మెల్లమెల్లగ లెక్కలు చదివి, 2011ల, పద్నాలుగో సారి 79.7తోని పంపిన్రు. అప్పుడు పదిహేనేండ్ల గడువుండె కాబట్టి బతికిండు. ఇప్పటి పదేండ్ల రూల్ అప్పుడుంటే ఆ ఓట్లతోని గెలిచేటోడే కాదు. మిర్చి పంట మొదటి కోతకే ఎనుమాముల మార్కెట్ల ధర రాలేదని చేను దున్నేస్తమా కాక?

ప్రశ్న: సార్, మల్ల నేనే. మీ జవాబు ముందుగాల పంపమంటే పంపిన్రు, థ్యాంక్స్, అన్నకు ఫార్వర్డ్ చేసిన, చదివి బొమ్మ పెట్టిండు అంతే. ఒక్కటి చెప్పున్రి, అబ్రేయు ఎక్కుతడా? – కాజీపేట

జవాబు: 2020ల అబ్రేయు మొదటిసారి లిస్టుకు వచ్చిండు. అదే ఏడు పెద్ద స్టార్ డెరెక్ జీటర్‌కు 397ల 396 ఓట్లు వచ్చినయ్, ఆ ఒక్కడు ఎవడని దేశం దేశం వెతికింది. అదే లిస్టుల అబ్రేయుకు 22 ఓట్లు, 5.5 శాతం, ఇంకో మూడు తక్కువ పడితే విటేకర్ లెక్కనే పోయేటోడు, దాని గురించి ఎవ్వడు మాట్లాడలే. 2025ల 19.5 దాక పాకిండు. గడువు 2029 దాక ఉన్నది. 75 అంటే చాన దూరం తమ్మి, ఓట్లతోని కష్టమే అనిపిస్తది, పెరటి దర్వాజ కోసమే చూడాలె. మీ అన్నతోని పందెం మాత్రం కట్టకు. 2029ల నీకు బీటెక్ అయిపోయి నౌకరి గూడ వచ్చి ఉంటది, అప్పుడు మల్ల ఉత్తరం రాయి, నేనుంటే జవాబిస్త.